కుడి కాలరు అరిగిన కోటు

మా సాన్ ఇసిద్రో వీధిలో మనిషన్నవాడు చచ్చేలోపల ఒక్కసారైనా చావాలి. అది ఆనవాయితీ. డిసెంబరు మొదటి ఆదివారం వీధి వీధంతా చర్చి వెనక గదిలో కూడి, ఆ ఏడు ఎవరు చావాలో చేతులెత్తి తేలుస్తుంది. ఎంపికైన మనిషి ఇంటినుంచి పాత బట్టలు తెచ్చి, వాటిలో రంపంపొట్టు కూరి, కాగితపు మొహం అతికించి, వీధి మొగలో కుర్చీ వేసి కూర్చోబెడతాం. ముప్పై ఒకటో తారీకున దీపాలు పెట్టే వేళకి ఆ బొమ్మ తరఫున వీలునామా చదువుతాం. ఆ తర్వాత పాత ఏటితోపాటు బొమ్మనీ తగలబెట్టేస్తాం. అసలు మనిషి పక్కనే నిలబడి తన చావు తాను చూసుకుని, మర్నాడు పొద్దున్న మామూలుగా రొట్టెల కొట్టుకి వస్తాడు.

బొమ్మ పక్కన కూర్చుని ఏడవడానికి ఒక విధవరాలు కూడా కావాలి. ఆ వేషం ఎప్పుడూ మగవాళ్ళదే. మా వీధిలో చాలా ఏళ్ళుగా నాదే. నేను వడ్రంగిని, పొట్టు నా కొట్లోనిదే, మా ఆవిడ నల్ల గౌను నాకు పడుతుంది. ఇంతకు మించిన అర్హత ఎవరూ అడగలేదు.

అయితే బొమ్మ చెయ్యడం, ఏడవడం ఎవరికైనా వస్తాయి. వీలునామా రాయడం అలా కాదు. 'పోతూ పోతూ ఫలానా వాళ్ళకి ఫలానాది ఇస్తున్నాను' అని ఆ మనిషి నోటితోనే చెప్పాలి. ఇరవై ఆరేళ్ళు ఆ పని చేసింది దోన్యా ఎనీత్, అంటే ఎనీత్ అమ్మగారు.

ఆవిడ పాత బట్టలు బాగుచేసేది. కొత్తవి కుట్టేవాళ్ళు ఊళ్ళో నలుగురున్నారు, చిరిగినవి బతికించేది మాత్రం ఆవిడొక్కతే. పొట్టి మనిషి. మెడలో కొలత టేపు, పెదాల మధ్య ఎప్పుడూ రెండు గుండుసూదులు. అందువల్ల మాటలు పళ్ళ సందుల్లోంచి వచ్చేవి. మెచ్చుకున్నా తిట్టినట్టే ఉండేది.

వీలునామా రాయడానికి ఆవిడ దగ్గర ఒకటే పద్ధతి. బొమ్మ కోసం తెచ్చిన బట్టలు పొట్టు కూరకముందు తను తొడుక్కునేది. ఒక గంటా రెండు గంటలు కాదు, మూడు రోజులు. వాటితోనే వంట, వాటితోనే కుట్టుపని. కసాయి వీలునామా రాసిన ఏడాది ఎడంచేత్తో కూరలు తరిగి వేలు కోసుకుంది, అతనిది ఎడమచేతి వాటం కాబట్టి. పోస్టుమాన్ బూట్లతో కొండెక్కి దిగి, కాళ్ళ నిండా బొబ్బలతో వచ్చి, "ఇప్పుడర్థమైంది, ఉత్తరం లేని ఇంటి ముందు వీడు ఎందుకు ఈల వేస్తాడో. అక్కడ ఆగక్కర్లేదన్న సంతోషం అది" అంది. ఫాదర్‌గారి పాత అంగీ వేసుకున్న మూడు రోజులూ మాత్రం ఆవిడ భర్త దోన్ అమాబ్లేకి నరకం చూపించింది. "పొద్దున్న కాఫీకి ముందు నా పాపాలు చెప్పించుకునేది. రెండో రోజుకి చెయ్యనివి కూడా ఒప్పేసుకున్నాను. లేకపోతే కాఫీ చల్లారిపోయేది" అని ఆయన ఇప్పటికీ చెబుతాడు.

ఒక్క ఏడాది జ్వరం వచ్చి, బట్టలు వేసుకోకుండానే మంచంమీద పడుకుని రాసింది. గుడ్లమ్మే ఒక ముసలమ్మ గురించి. వీధంతా పొట్ట పట్టుకుని నవ్వింది. వారం తిరక్కుండా ఆ ముసలమ్మ ఇల్లు ఖాళీ చేసి వాళ్ళ చెల్లెలి ఊరికి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. ఆ సంగతి ఎవరెత్తినా దోన్యా ఎనీత్ సూదులు నోట్లోంచి తీసి పక్కన పెట్టి, "బయటనుంచి రాశాను" అనేది. మళ్ళీ సూదులు నోట్లో పెట్టేసుకునేది.

నేను చెప్పబోయే ఏడాది చావాల్సిన మనిషి దోన్ సెర్విలియో. ఆయన పేరు ఎత్తింది నేనే. అది ముందే ఒప్పుకుంటే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది.

దోన్ సెర్విలియో మా ఊరి బ్యాండులో పెద్ద ఇత్తడి బూర వాయించేవాడు. అరవై నాలుగేళ్ళు. భార్య పోయింది, వదినగారింట్లో ఉండేవాడు. పొడుగ్గా, నిటారుగా నడిచేవాడు. దారిలో నమస్కారం పెడితే ఒక్కోసారి టోపీ తీసి మర్యాదగా బదులిచ్చేవాడు, ఒక్కోసారి మనం గాలి అన్నట్టు దాటిపోయేవాడు. వీధి ఆయనకి 'దొరవారు' అని పేరు పెట్టింది. బ్యాండు ఊరేగింపులో కూడా ఆయనకి వరసలో ఎడమ చివరే కావాలి. జనానికి బాగా కనపడాలని ఆ కొసన నడుస్తాడని మా అందరి నమ్మకం. ఆయన వెనకే తాళాలు కొట్టుకుంటూ నడిచేవాణ్ణి నేను.

నాకు ఆయనమీద సొంత కోపం ఒకటుంది. అప్పటికి ఏడేళ్ళ కిందట మా నార్సీసా పుట్టినప్పుడు, జ్ఞానస్నానానికి ఆయన్ని జ్ఞానతండ్రిగా ఉండమని అడిగాను. బిడ్డకి జ్ఞానతండ్రి అయితే తండ్రికి కొంపాద్రే అవుతాడు, అన్నదమ్ముడికన్నా ఎక్కువ. పూజ మధ్యలో, బెంచీ ఎడమ చివర కూర్చున్న ఆయన పక్కన, బెంచీల మధ్య దారిలో మోకాళ్ళమీద కూర్చుని చెవిలో చెప్పాను. ఆయన పీఠంవైపు చూస్తూ అలాగే కూర్చున్నాడు. రెండోసారి చెప్పాను. కళ్ళు మూసుకున్నాడు. లేచి వచ్చేశాను. తర్వాత మందులకొట్టు ఆయన్ని అడిగాను. ఆయన పిల్లకి ఒక వెండి సిలువ ఇచ్చి, ఆరు నెలలకి సముద్రం ఒడ్డు ఊరికి మారిపోయి, మా మొహం మళ్ళీ చూడలేదు. ఆ సిలువ కూడా నల్లబడింది. దాన్ని చూసినప్పుడల్లా నాకు మందులకొట్టు ఆయనమీద కాదు, దోన్ సెర్విలియోమీద మండేది.

అందుకని ఆ ఆదివారం, "ఈసారి దొరవారు చావాలి" అన్నాను. చేతులన్నీ లేచాయి. ఆయనా అక్కడే ఉన్నాడు. చేతులు లేవడం చూసి తన చెయ్యీ ఎత్తాడు. ఎంత నవ్వామో!

క్రిస్మస్ అయిన మర్నాడో ఆ మర్నాడో, పొట్టు బస్తా భుజాన వేసుకుని దోన్యా ఎనీత్ ఇంటికి వెళ్ళాను. పెరట్లో అడుగుపెట్టినవాణ్ణి పెట్టినట్టే ఆగిపోయాను. వంటింటి గోడ దగ్గర కుర్చీలో, నావైపు వీపుపెట్టి, గోధుమరంగు కోటూ టోపీతో సాక్షాత్తూ దోన్ సెర్విలియో కూర్చుని ఉన్నాడు. బట్టలు ఇవ్వనని పేచీ పెట్టడానికి వచ్చాడనుకున్నాను. ఏడేళ్ళ కోపం ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది.

"మంచిది, ఇక్కడే ఉన్నారు" అన్నాను బస్తా దించి. "ఒక్క మాట అడుగుతాను, మగాడిలా సమాధానం చెప్పండి. నా కూతురికి జ్ఞానతండ్రిగా ఉండనంటే ఉండనని చెప్పొచ్చుగా? వడ్రంగి పిల్ల మీకు తక్కువైందా? దేవుడి ఎదుట రెండుసార్లు అడిగాను. ఊఁ అనలేదు, ఉఁహుఁ అనలేదు!"

కుర్చీలో మనిషి కదల్లేదు.

"ఇదిగో! మళ్ళీ అదే! రాయికి చెప్పుకున్నా పగులుతుంది!"

వంటింట్లోంచి దోన్ అమాబ్లే కాఫీ గిన్నెతో బయటికొచ్చాడు. "ఏంటయ్యా ఉల్వియో ఆ గోల? అది నా పెళ్ళాం."

నేను చచ్చిపోయాను. ఆ ఏడు నా వంతు కాకపోయినా.

దోన్యా ఎనీత్ మాత్రం నవ్వలేదు. మెల్లగా కుడివైపు నుంచి ఒళ్ళంతా తిప్పి నన్ను చూసింది. నోట్లో సూదులు లేవు.

"ఒరే, నువ్వు నాకు ఏ పక్కన నిలబడ్డావు?"

"ఎడమ పక్కన. అక్కా, నన్ను క్షమించు, నేను నిన్ను..."

"చర్చిలో ఆయనకి ఏ పక్కన కూర్చున్నావు?"

ఆలోచించాను. "అదీ ఎడమే."

"అమాబ్లే, ఆ కాఫీ వాడికియ్యి. అంత అరిచాక వాడికి గొంతు తడవాలి" అని కోటు విప్పి ఒళ్ళో పరిచింది. "ఇటు రా, చూడు. రెండు రోజులుగా ఈ కోటులో గర్వం కోసం వెతుకుతున్నాను. దొరకట్లేదు. గర్వం ఉన్నవాడి కాలరు వెనక అరుగుతుంది, మెడ ఎత్తి నడుస్తాడు కాబట్టి. మన మేయరు కోటు తిప్పి చూడు, వెనక దారం కూడా మిగల్లేదు. ఇది చూడు, వెనక కొత్తదానిలా ఉంది. అరిగిందంతా కుడి ముందు వైపు, ఇక్కడ, గడ్డం కింద. టోపీ అంచు కూడా కుడి పక్కే పైకి లేచి జిడ్డు పట్టింది, ఎడమ పక్కన వేలు పడ్డ ఆనవాలు లేదు. ఈ మనిషి రోజంతా కుడివైపుకే తిరుగుతాడురా. సరే, నేనూ కుడివైపుకే తిరుగుతూ కూర్చున్నాను, ఏమవుతుందో చూద్దామని. నువ్వొచ్చి అరిచావు. వినపడింది. కానీ ఈయన ఏం చేస్తాడో చూద్దామని ఊరుకున్నాను. ఊరుకుంటే నాలో నీమీద తిరస్కారం పుట్టాలి కదా? ఏమీ పుట్టలేదు. కాఫీ ఇంకా రాలేదే అనుకున్నాను, అంతే."

"అంటే?"

"అంటే ఆయనకి ఆ చెవి లేదు."

కాఫీ గిన్నె కింద పెట్టేశాను. బ్యాండులో ఏడెనిమిదేళ్ళుగా ఆయన ఎడమ భుజం వెనక తాళాలు కొడుతున్నది ఎవరు? నేను. ఆ చెవి పోగొట్టింది నా తాళాలేనేమో!

దోన్యా ఎనీత్ అప్పటికే దూది ఉండ చేసి, కొవ్వొత్తి మైనంలో ముంచి, ఎడమ చెవిలో కూరుకుంటోంది. "ఊహ కాదు, నడిచి చూడాలి. రొట్టెల కొట్టుదాకా వెళ్ళొస్తాను. నువ్వు పది అడుగులు వెనక రా."

అలా పట్టపగలు దోన్యా ఎనీత్ ఆయన కోటూ ప్యాంటూ టోపీతో వీధిలోకి దిగింది. కుక్కలకి కూడా ఆవిడ వేషాలు అలవాటే కాబట్టి మొరగలేదు. సగం దారిలో సైకిలువాడు ఎడమ పక్కనుంచి గంట కొట్టుకుంటూ వస్తే తప్పుకోలేదు. వాడే తిట్టుకుంటూ కాలవలోకి దిగాడు. కొట్టు దగ్గర రొట్టెలమ్మాయి ఎడమవైపునుంచి, "దోన్యా ఎనీత్, జున్ను రొట్టె వేడిగా ఉంది! దోన్యా ఎనీత్!" అని మూడుసార్లు పిలిచి, చేతులు తిప్పింది. "చూశారా? ఆ కోటు తొడుక్కుంటే చాలు, గర్వం గజ్జిలా అంటుకుంటుంది!"

కొట్టు ముందు వాళ్ళంతా విరగబడి నవ్వారు. ఆ నవ్వుల మధ్యకి కుడిపక్క సందులోంచి దోన్ సెర్విలియో వచ్చాడు, సంచీ పట్టుకుని, రొట్టెలకి.

నవ్వుతున్నవాళ్ళంతా చూపులు రొట్టెలమీదికి తిప్పుకున్నారు. ఆయన తన ప్యాంటు చూశాడు, తన కోటు చూశాడు, తన పాత టోపీ చూశాడు. ఆ తర్వాత టోపీ కింద ఆవిడ ఎడమ చెవిలో దూది చూశాడు. దాన్ని చాలాసేపు చూశాడు.

"ప్యాంటు మీకు పొడుగైంది, దోన్యా ఎనీత్."

"మడిచి కుట్టుకున్నాను, దోన్ సెర్విలియో."

"నాతో కాస్త దూరం వస్తారా?"

ఇద్దరూ జనానికి దూరంగా కొట్టు వెనక్కి కదిలారు, వెనకే నేను. అప్పుడు నేను చూసింది పది మందికి చెప్పినా నమ్మలేదు. ఆయన మాట వినడానికి ఆవిడకి కుడి పక్కన కావాలి. ఆవిడ మాట వినడానికి ఆయనకీ కుడి పక్కనే కావాలి. ఆయన ఇటు వస్తే ఆవిడ అటు వెళ్ళింది. ఆవిడ ఇటు వస్తే ఆయన అటు వెళ్ళాడు. రొట్టెల కొట్టు గోడ పక్కన అరవై దాటిన ఇద్దరు మనుషులు, ఇద్దరూ ఒకే మనిషి బట్టల్లో, పెళ్ళి డాన్సులా ఒకరి చుట్టూ ఒకరు నాలుగు చుట్లు తిరిగారు. చివరికి దోన్యా ఎనీత్ విసుక్కుని దూది పీకేసి, "అబ్బ! రోజూ ఇంత కష్టపడుతున్నారా మీరు?" అంది.

ఆయన గోడకి ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడ్డం అదే మొదటిసారి. తర్వాత నవ్వు ఆగిపోయి మొహం తెల్లబడింది. నన్ను చూశాడు.

"వీడు కూడా విన్నాడా?"

"నాకేం వినపడలేదు దోన్ సెర్విలియో" అన్నాను గాభరాగా.

"అది నేననాల్సిన మాట" అన్నాడాయన.

అప్పుడు అక్కడే, రొట్టెల వాసనలో, ఆయన దోన్యా ఎనీత్‌ని బతిమాలాడు. అక్టోబరులో లోహా అనే పట్నం నుంచి మా బ్యాండు నడిపించడానికి కొత్త మేస్త్రో వచ్చాడు, మీసం కూడా సరిగ్గా రాని కుర్రాడు. జనవరి ఆరున వచ్చే ముగ్గురు రాజుల పండగ అయ్యాక అరవై దాటిన వాళ్ళందరికీ చెవి పరీక్ష పెడతానన్నాడు. తను పక్కన నిలబడి స్వరం పాడతాడు, వాయించేవాడు దాన్ని బూరలో పట్టుకోవాలి. పట్టుకోలేనివాళ్ళు ఇంటికి.

"నా కుడి చెవి నలుగురి పెట్టు అమ్మా. కానీ ఒకటి లేదని తెలిస్తే ఆ కుర్రాడు పరీక్ష దాకా కూడా రానివ్వడు. నాకు ఇంట్లో వదిన మాటలు, బయట ఆ బూర, ఇంతే ఉన్నాయి. వీలునామాలో రాయకండి."

"రాయకపోతే వీధంతా మీ గర్వం గురించి నవ్వుతుంది. ఆ జోకులే కావాలంటారు వాళ్ళు" అంది దోన్యా ఎనీత్.

"నవ్వనీండి. గర్వం ఉందని బ్యాండులోంచి ఎవర్నీ తీసెయ్యరు."

"చెవి అన్న మాట రాయను, వినడం అన్న మాటా రాయను" అని కోటు గుండీమీద చెయ్యేసి ఒట్టు పెట్టింది. అది ఆయన గుండీయే కాబట్టి ఒట్టు గట్టిదే అనుకున్నాను.

నేను నా తాళాల సంగతి అడగబోయి, అడక్కుండానే ఇంటికొచ్చేశాను. జ్ఞానతండ్రి సంగతి సరే సరి. ఏడేళ్ళు తిట్టుకున్న మనిషి కళ్ళలోకి చూడ్డం అంత తేలిక కాదు.

ఆ తర్వాతి రెండు రోజులూ దోన్యా ఎనీత్ రాసింది చించడం, చించింది మళ్ళీ రాయడం. ఒట్టు తప్పకూడదు, ఆయన్ని పొగరుబోతుగానూ తగలబెట్టకూడదు. గుడ్ల ముసలమ్మ ఇల్లు ఖాళీ చేసిన బండి చప్పుడు ఇప్పటికీ వినపడుతోందని దోన్ అమాబ్లేతో అందట. మూడు రోజులు దాటిపోయినా, ముప్పయ్యో తారీకు సాయంత్రం కూడా ఆ కోటులోనే కూర్చుంది. దోన్ అమాబ్లే అరటికాయ సూపు గిన్నెతో వచ్చి ఎడమ పక్కన కూర్చోబోయాడు.

"ఆ పక్క ఖాళీ లేదు, ఇటు రా" అందట ఆవిడ, తల తిప్పకుండా.

అనేసి, తనే ఆగిపోయిందట. చెంచా గాల్లో అలాగే ఉండిపోయింది. "అమాబ్లే, నేనిప్పుడు ఏమన్నాను?"

"ఖాళీ లేదన్నావు. ఎవరున్నారక్కడ?"

సూపు చల్లారిపోయింది. వీలునామా మాత్రం తయారైంది.

మర్నాడు సాయంత్రానికి బొమ్మ కుర్చీలో కూర్చుంది. పక్కన నేను నల్ల గౌను, ముసుగు, మా ఆవిడ ఎర్ర లిప్‌స్టిక్కుతో. అసలు దోన్ సెర్విలియో వదినగారి పక్కన నిలబడి, చేతిలో టోపీ నలిపేస్తున్నాడు. కొత్త మేస్త్రో కూడా ముందు వరసలోనే ఉన్నాడు. దోన్యా ఎనీత్ నిలబడి, సూదులు తీసి, ఆయన నడిచినట్టే నాలుగడుగులు నడిచి చదవడం మొదలెట్టింది.

"పోతున్నా పోతున్నా, పాత ఏటితో పోతున్నా,
పలకలేదని తిట్టినోళ్ళకి పంపకాలు చేస్తున్నా.
నా టోపీ మన మేయరుకి, దాచేది ఆయనకే ఎక్కువ,
నా మౌనం మా వదినకి, ఆ ఇంట అదొక్కటే తక్కువ."

వదినగారే అందరికన్నా గట్టిగా నవ్వి, "నిజమేనర్రా, కానీ నేనే మాట్లాడకపోతే ఆ ఇంట్లో గోడలు మాట్లాడతాయా?" అని అక్కణ్ణుంచి మొదలెట్టింది. ఎవరో నోరు మూయించారు. ఎవరో "గర్వం సంగతి రానీ!" అని అరిచారు. నాకు చెమట పట్టి లిప్‌స్టిక్కు గడ్డంమీదికి జారుతోంది. దోన్యా ఎనీత్ బొమ్మ దగ్గరికి వెళ్ళి, కోటు ఎడమ రొమ్ముమీద చెయ్యేసింది.

"ఎడమ పక్కన గుండె ఉంది, ఎప్పుడో నిండిపోయింది,
ఆడా మగా పిల్లా మేకా అందరితో కిక్కిరిసింది.
ఆ పక్కొచ్చి పిలిచినవారూ, అలిగి వెళ్ళిపోకండి,
అడుగు పెట్టే చోటు లేదు, అయినా కోపం మానండి.
కొత్త మాట తెచ్చినవారు కుడి పక్కకు రారండి,
కుర్చీ వేసి కూర్చోబెడతా, కులాసాగా ఉండండి!"

ముందు రొట్టెలమ్మాయి చప్పట్లు కొట్టి, "అమ్మ దొరవారూ! మేమంతా లోపల ఉన్నామా? చెప్పరేం?" అంటూ పరుగున వెళ్ళి ఆయన కుడి పక్కన నిలబడింది. అంతే, అది ఆటయిపోయింది. సైకిలువాడు వెళ్ళాడు, కసాయి వెళ్ళాడు, ఆడవాళ్ళు "నాకు కుర్చీ ఏదీ?" అంటూ తోసుకున్నారు. ఆయన కుడి పక్కన వరస వీధి మలుపుదాకా వెళ్ళింది. ఎడమ పక్కన పిల్లి కూడా లేదు. ఒక్కొక్కళ్ళు ఏదో చెబుతుంటే ఆయన ఒక్క మాట కూడా పోనివ్వకుండా బదులిస్తున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ, ముక్కు చీదుతూ, మళ్ళీ బదులిస్తున్నాడు.

నేనూ వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి గౌను మడమల కింద తొక్కుకుని ఆయన మీదే పడబోయాను.

"దోన్ సెర్విలియో" అన్నాను కుడి చెవిలో. "ఏడేళ్ళ కిందట చర్చిలో మిమ్మల్ని ఒకటడిగాను. నా కూతురికి జ్ఞానతండ్రిగా ఉండమని. పక్క తప్పు అడిగాను."

ఆయన నన్ను తేరిపార చూశాడు. "నువ్వేనా? ఆ రోజు ఎవరో పక్కన మోకాళ్ళమీద కూర్చున్నారు. ప్రార్థన చేసుకుంటున్నాడనుకుని, నేనూ కళ్ళు మూసుకుని నీకోసం ప్రార్థించాను."

ముసుగు పక్కకి లాగి, ఈసారి కుడి పక్కనుంచే మళ్ళీ అడిగాను.

"వచ్చే ఏడు పిల్లకి చర్చిలో మొదటి సత్ప్రసాదం ఇస్తారు. దానికీ ఒక జ్ఞానతండ్రి కావాలి. మీరు..."

"ఆగాగు" అన్నాడాయన, నా ముసుగూ గడ్డంమీద లిప్‌స్టిక్కూ చూసి. "నువ్వు నా విధవరాలివి కదా? నీ కూతురంటే నా కూతురే. సొంత కూతురికి జ్ఞానతండ్రి ఎలా అవుతానే?"

వరసంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే నా చెయ్యి పట్టుకుని, "అలాగే, కొంపాద్రే" అన్నాడు. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. తాళాల సంగతి అప్పుడు అడిగేశాను. "నీ తాళాలు కాదయ్యా. ఆరో ఏట గవదబిళ్ళలు. నీ తాళాలు ఎడమ పక్కన ఉన్నాయి కాబట్టే నేనింకా ఆ బ్యాండులో ఉన్నాను" అన్నాడు. ఆ మాట మెచ్చుకోలో కాదో అప్పుడూ తెలీలేదు, ఇప్పుడూ తెలీదు.

పండగ అయ్యాక పరీక్ష వచ్చింది. చర్చి వెనక గదిలో కుర్చీ వేశారు. దోన్ సెర్విలియో బూర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను కిటికీ దగ్గర తాళాలు తుడుస్తున్నట్టు నటిస్తూ, తుడిచిందే తుడుస్తున్నాను. అంతకుముందు ఇద్దరికి కుర్ర మేస్త్రో ఎడమ పక్కనే నిలబడి పాడాడు. ఈయన దగ్గరికి కూడా ఎడమవైపునుంచే వచ్చాడు. నా చేతిలో తాళం జారి నేలమీద పడి ఊరంతా వినపడేలా మోగింది. మేస్త్రో ఉలిక్కిపడి నావైపు చూశాడు, మళ్ళీ ఆయనవైపు తిరిగాడు. అప్పుడు ఏదో గుర్తొచ్చినట్టు నవ్వాడు.

"మర్చిపోయాను దోన్ సెర్విలియో! ఆ పక్క ఖాళీ లేదు కదూ" అంటూ చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చి స్వరం పాడాడు.

ఆయన బూర ఎత్తి దాన్ని అలా పట్టుకున్నాడు. రెండోది పట్టుకున్నాడు. మూడోది మేస్త్రో కాస్త తప్పు పాడితే, సరిచేసి మరీ వాయించాడు. ఆ తర్వాత డెబ్భై రెండో ఏటిదాకా వాయించి, నడుము నొప్పికి తనంతట తనే మానేశాడు. ఇప్పుడు ఆయనే చెవి సంగతి అందరికీ చెప్పేసి, మేమెలా మోసపోయామో వర్ణించి నవ్విస్తుంటాడు. అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను. మేస్త్రోకి ఆ రోజు నిజంగా తెలీదా, తెలిసే అలా చేశాడా అని అడగాలని ఒకటి రెండుసార్లు అనుకున్నాను. అడగలేదు.

పరీక్ష అయిన మధ్యాహ్నం మేమిద్దరం నేరుగా దోన్యా ఎనీత్ ఇంటికి వెళ్ళాం. ఆవిడ ఇంకా ఆయనలోంచి పూర్తిగా బయటికి రాలేదు. మేం గుమ్మంలో పిలిస్తే ఒళ్ళంతా కుడివైపుకి తిప్పి చూసింది. మా మొహాలు చూశాక, సూదులు నోట్లో పెట్టుకుని, అప్పుడు ఊపిరి వదిలింది.

పాత కోటు పాత ఏటితో కాలిపోయింది కదా, ఒక కొత్తది కుట్టి గోడకి తగిలించి ఉంచింది. దోన్ సెర్విలియో తొడుక్కుని కాలరు తడుముకున్నాడు.

"ఈ కుడి పక్క కాస్త దళసరిగా ఉన్నట్టుందే?"

"రెండు పొరలు వేశాను" అంది ఆవిడ పళ్ళ సందుల్లోంచి. "ఈసారి వీధంతా ఆ పక్కకే వస్తుందిగా. ఒక్క పొర ఏ మూలకి?"